షెడ్డులో వణకని బండి

బేతంచెర్ల పేరు చెబితే ఎవరికైనా ఇళ్లలో పరిచిన నాపబండలు గుర్తుకొస్తాయి. ఆ బండలను దూర ప్రాంతాలకు పెద్ద లారీలు మోస్తాయి. చుట్టుపక్కల ఊళ్లలో కడుతున్న ఇళ్ల వాకిళ్ల దాకా చేర్చేవి మాత్రం ఎక్కువగా పికప్ బండ్లే. పాలిషింగ్ ఫ్యాక్టరీ ముందర లోడు ఎత్తుకుని, డోన్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీదికో, నంద్యాల పోయి 40వ నంబరు రహదారి మీదికో ఎక్కుతాయి. అక్కడే చాలామంది డ్రైవర్లకు ఒక చిక్కు ఎదురవుతుంది. అరవై దాకా బండి నిమ్మళంగా వస్తుంది. డెబ్బై దాటగానే స్టీరింగులో సన్నగా అదురు మొదలవుతుంది. ఎనభై దగ్గర చేతులు, అద్దాలు, డ్యాష్‌బోర్డు అన్నీ వణుకుతాయి. మర్నాడు షెడ్డుకు తీసుకెళితే మెకానిక్ జాకీ ఎత్తి చూస్తాడు, చక్రం చేత్తో తిప్పి చూస్తాడు, ఊళ్లో ఒక చుట్టు నడిపి చూస్తాడు. బండి వణకదు. ఎందుకు వణుకుతుంది? అది ఎనభైలో పుట్టి అరవైలో మాయమయ్యే జబ్బు. షెడ్డులో నిలబడిన బండికి అది ఉండదు. ఉన్నప్పుడు దాన్ని చూసినవాడు డ్రైవరు ఒక్కడే. కాబట్టి ఈ ప్రసంగంలో నేను వాదించబోయేది ఒకే మాట: చక్రాల వణుకుకు కారణం పట్టడంలో సగం పని డ్రైవరుది. ఆ సగం జరగకుండా మిగతా సగం ఎంత మంచి మెకానిక్ చేసినా అది ఊహే అవుతుంది, ఆ ఊహకు డబ్బు పెట్టేది బండి యజమాని.

ముందుగా ఈ వణుకు వేగంతోనే ఎందుకు వస్తుందో లెక్కలో చూద్దాం. 215/75 ఆర్ 15 అని రాసి ఉన్న టైరును తీసుకుందాం. దాని ఎత్తు సుమారు 70 సెంటీమీటర్లు, చుట్టుకొలత 2.2 మీటర్లు. బండి గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకు 22 మీటర్ల పైచిలుకు దూరం నడుస్తుంది. అంటే ఆ చక్రం సెకనుకు పది చుట్లు తిరుగుతుంది. ఇప్పుడు రిమ్ము అంచు మీద ఒకచోట 50 గ్రాముల బరువు ఎక్కువగా ఉందనుకోండి. అరచేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియని బరువది. అదే 80 వేగంలో చక్రాన్ని బయటికి లాగే బలం దాదాపు నాలుగు కిలోలు తూగుతుంది. ఆ నాలుగు కిలోలు ఒకసారి పైకి, ఒకసారి కిందికి, ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి, ఇలా సెకనుకు పదిసార్లు ఇరుసును గుంజుతాయి. అదే బరువు 40 వేగంలో ఎంత గుంజుతుంది? సగం అనుకుంటాం, కానీ నాలుగో వంతే, అంటే ఒక కిలో మాత్రమే. వేగం రెండింతలైతే ఈ బలం నాలుగింతలవుతుంది. ఊళ్లో వీధుల్లో తిప్పినప్పుడు దోషం దాక్కోవడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం మరింత ముఖ్యం. చక్రం, ఇరుసు, వాటి మీద కమాను కట్టలు, కింద గాలి నిండిన టైరు, ఇవన్నీ కలిసి ఒక ఊయల లాంటివి. ప్రతి ఊయలకూ తనదైన ఊపు ఉంటుంది. ఆ ఊపుకు సరిపోయే సమయంలో తోస్తే చిన్నపిల్ల తోసినా పెద్దగా ఊగుతుంది. సమయం తప్పి తోస్తే పహిల్వాను తోసినా తడబడి ఆగుతుంది. బండి ఇరుసుకు, చక్రాలకు ఆ సహజమైన ఊపు సాధారణంగా సెకనుకు పది నుంచి పదిహేను సార్ల మధ్య ఉంటుంది. చక్రం 80 వేగంలో సెకనుకు పది చుట్లు తిరుగుతుందని ఇంతకు ముందే లెక్క కట్టాం. రెండూ దగ్గరపడిన చోట చిన్న లోపం పెద్ద వణుకవుతుంది. కొన్ని బండ్లలో ఒక వేగం దగ్గర వణుకు ఎక్కువై, అది దాటితే మళ్లీ తగ్గినట్టు అనిపించేది ఇందుకే. తగ్గింది కదా అని బాగుపడిందనుకోకూడదు. గుంజే బలం వేగంతో పాటు పెరుగుతూనే ఉంటుంది, ఊపు మాత్రమే కుదరలేదు. వెనకటి డ్రైవర్లు ఇదే లోడు వేసుకుని ఏళ్ల తరబడి నడిపారు, వాళ్లకు లేని జబ్బు ఇప్పుడెక్కడిది అని కొందరు అడుగుతారు. వెనకటి ఇరుకు రోడ్ల మీద, గుంతల మధ్య, ఎదురు బండ్లను తప్పించుకుంటూ పోయే పికప్‌కు ఎనభై అందేదే అరుదు. రోడ్లు నాలుగు వరసలయ్యాక అందుతోంది. దారి బాగుపడేసరికి బండిలోని లోపం బయటపడింది. పైగా, మధ్యలో డివైడరు ఉన్న నాలుగు వరసల రోడ్ల మీద సరుకు బండ్లకు కేంద్ర ప్రభుత్వం 2018లో పెట్టిన గరిష్ఠ వేగం కూడా 80 కిలోమీటర్లే. చట్టం ఒప్పుకున్న వేగంలో బండి స్థిరంగా నడవాలని కోరడం దుడుకుతనం కాదు.

ఇక విచారణ మొదలుపెడదాం. మొదటి ప్రశ్న: ఈ వణుకు ఇంజనుదా, చక్రాలదా? దీనికి పైసా ఖర్చు లేదు. ముందూ వెనకా బండ్లు లేని తిన్నటి రోడ్డు మీద వణుకు వచ్చే వేగం దగ్గర ఒక్క గేరు తగ్గించండి, వేగం మాత్రం మారనీయకండి. ఇంజను చుట్లు పెరుగుతాయి, చక్రాల చుట్లు అంతే ఉంటాయి. వణుకు మారకుండా అలాగే ఉంటే ఇంజనుకు సంబంధం లేదు. వణుకు పోయినా, దాని తీరు మారినా ఇంజను మౌంటింగులు, క్లచ్ వైపు చూడాలి. క్లచ్ తొక్కి రెండు మూడు సెకన్లు యాక్సిలరేటరు వదిలి చూసినా ఇదే తేలుతుంది. అయితే బండి నడుస్తుండగా తాళం తిప్పి ఇంజను ఆపే పని ఎప్పుడూ చేయకూడదు. స్టీరింగు బిగుసుకుంటుంది, బ్రేకు బలం తగ్గుతుంది. రెండో ప్రశ్న రోడ్డు గురించి. తప్పంతా రోడ్డుదే అనే మాట తరచూ వినబడుతుంది. అది నిజమో కాదో తేల్చడం సులువు. రోడ్డు దోషమైతే చోటును బట్టి వస్తుంది, మరో రోడ్డెక్కితే పోతుంది. చక్రం దోషమైతే వేగాన్ని బట్టి వస్తుంది, ఏ రోడ్డు మీదైనా అదే వేగం దగ్గర పలకరిస్తుంది. రెండు వేర్వేరు రోడ్ల మీద ఒకే అంకె దగ్గర వణికితే ఇక రోడ్డును తిట్టి లాభం లేదు.

మూడో ప్రశ్న: వణుకు ఎక్కడ తెలుస్తోంది? స్టీరింగులో తెలిస్తే చాలావరకు ముందు చక్రాలు, సీటులోనూ కాళ్ల కింద నేలలోనూ తెలిస్తే చాలావరకు వెనక చక్రాలు లేదా ప్రొపెల్లర్ షాఫ్ట్. నాలుగో ప్రశ్న: ఎప్పుడు తెలుస్తోంది? బ్రేకు తొక్కినప్పుడే వస్తే, తొక్కకపోతే లేకపోతే, టైర్లను వదిలిపెట్టి బ్రేకు డిస్కులను, డ్రమ్ములను చూడాలి. డిస్కు మందం చుట్టూరా ఒకే తీరుగా లేకపోయినా, డ్రమ్ము గుండ్రం తప్పినా ఇలా జరుగుతుంది. యాక్సిలరేటరు తొక్కి లాగించినప్పుడే వచ్చి, కాలు తీయగానే పోతే అనుమానం ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదికి పోవాలి. ఇక్కడ వణుకు తీరు కూడా సాక్ష్యమే. చక్రం సెకనుకు పది చుట్లు తిరుగుతుంటే షాఫ్ట్ సుమారు నలభై చుట్లు తిరుగుతుంది, ఎందుకంటే వెనక ఇరుసులో పళ్ల చక్రాలు షాఫ్ట్ వేగాన్ని దాదాపు నాలుగో వంతుకు తగ్గిస్తాయి. అందువల్ల చక్రం వణుకు చేతులకు లెక్కపెట్టదగ్గ ఊపులాగా, జల్లెడ పట్టినట్టు తెలుస్తుంది. షాఫ్ట్ వణుకు సీటు కింద జుమ్మనే మోతలాగా, పాదాలకు తిమ్మిరిలాగా తెలుస్తుంది. ఈ రెండింటికీ తేడా చెప్పగలిగిన డ్రైవరు మెకానిక్‌కు సగం రోజు మిగిలిస్తాడు. నాపరాయి పనిచేసేవాళ్లకు బండను తట్టి మోతను బట్టి లోపలి పగులు పసిగట్టడం తెలుసు. బండి వణుకును వినడం కూడా ఆ జాతి నేర్పే.

ఇంతవరకు అడిగిన ప్రశ్నలు ఏ ఊరి బండికైనా ఒకటే. బేతంచెర్ల బండికి కొన్ని ప్రత్యేకమైన అనుమానాలు ఉన్నాయి. మొదటిది రాతిబురద. బండలు కోసేటప్పుడు, పాలిష్ పట్టేటప్పుడు నీళ్లలో కలిసిన రాతిపొడి తెల్లటి బురదై ఫ్యాక్టరీల ఆవరణల్లో, దారుల్లో పారుతుంటుంది. అందులో నడిచిన చక్రం ఆ బురదను రిమ్ము లోపలి వైపుకు ఎత్తుకుంటుంది. ఎండకు అది గట్టిగా అట్టకడుతుంది. రిమ్ము బయటి ముఖం శుభ్రంగానే కనిపిస్తుంది, లోపలి వైపు ఎవరూ చూడరు. అట్ట చుట్టూరా ఒకే మందంలో ఉంటే బాధ లేదు. కానీ ఒక పెళ్ల ఊడిపోయి మిగతాది నిలిచిందంటే ఆ తేడా వంద గ్రాములు కావచ్చు. ముందు చెప్పిన లెక్క ప్రకారం 80 వేగంలో అది దాదాపు ఎనిమిది కిలోల గుంజుడు. కాబట్టి ఏ మిషను దగ్గరికి పోకముందే, ఏ స్పేరు పార్టూ కొనకముందే, నాలుగు చక్రాల లోపలి వైపు గీకి, నీళ్లు కొట్టి కడిగి ఒకసారి నడిపి చూడాలి. వానాకాలంలో నల్లరేగడి పొలాల దారుల్లో తిరిగే బండికీ ఇదే మాట వర్తిస్తుంది. కడిగేటప్పుడే రిమ్ము అంచున బిగించిన చిన్న సీసం బిళ్లలు ఉన్నాయో లేదో చూడండి. బిళ్ల ఊడిన చోట శుభ్రమైన మచ్చ కనిపిస్తుంది. ఆ మచ్చ దొరికితే దొంగ దొరికినట్టే. పంక్చరు వేయించినప్పుడల్లా టైరు రిమ్ము మీద పాత చోటు నుంచి జరుగుతుంది, ట్యూబుకు అతుకు పడుతుంది, బ్యాలెన్సు మారుతుంది. టైరు విప్పేముందు గాలి పిన్ను ఎదురుగా టైరు మీద సుద్దతో గుర్తు పెట్టి, మళ్లీ అదే చోటికి ఎక్కించమంటే ఆ మార్పు చాలావరకు తగ్గుతుంది.

రెండో అనుమానం బరువు. రాయి బరువు కంటికి తెలియదు. అంగుళం మందం ఉన్న నాపరాయి చదరపు అడుగుకు సుమారు ఆరు కిలోలు తూగుతుంది. టన్నున్నర మోయగల పికప్‌కు రెండు వందల యాభై చదరపు అడుగులతో లెక్క నిండిపోతుంది. తొమ్మిది అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు ఉన్న ట్రాలీలో ఆ బండలను పడుకోబెట్టి పేరిస్తే అయిదు అంగుళాల ఎత్తు మాత్రమే వస్తుంది. అంటే బండి ఖాళీగా కనిపిస్తున్నప్పుడే లోడు పూర్తయింది. అదే ట్రాలీలో ఉల్లిగడ్డల మూటలు ఎత్తుగా పేర్చినా బరువు తక్కువే ఉండొచ్చు. కంటి కొలతతో రాయిని లోడు చేసిన ప్రతిసారీ టైరు, రిమ్ము, బేరింగు తమ శక్తికి మించి మోస్తున్నాయి. ఆ బరువుతో రోడ్డు గుంతలో పడితే ఉక్కు రిమ్ము అంచు వంకర పోతుంది. ఆ వంకరకు ఎన్ని బిళ్లలు కొట్టినా గుండ్రం రాదు. రాత్రంతా లోడుతో నిలబెట్టిన బండికి మరో చిక్కుంది. టైరు నేలకు ఆనిన చోట చదునై, పొద్దున బయలుదేరిన మొదటి కొన్ని కిలోమీటర్లు వణికి, టైరు వేడెక్కాక దానంతటదే సర్దుకుంటుంది. పొద్దున మాత్రమే వచ్చి తర్వాత పోయే వణుకుకు రిపేరు అక్కర్లేదు, గాలి సరిగా ఉంచడం, లోడును రాత్రంతా ఉంచకపోవడం చాలు. ఈ ఒక్క తేడా డ్రైవరు చెప్పకపోతే మెకానిక్‌కు తెలిసే దారే లేదు.

మూడో అనుమానం కమాను కట్టలు. ఎక్కువ బరువు మోయించడానికి కమానుకు అదనంగా పట్టీలు వేయించడం మన ప్రాంతంలోనే కాదు, చాలాచోట్ల ఉన్న అలవాటు. పట్టీ పెరిగితే బండి వెనక భాగం పైకి లేస్తుంది. వెనక ఇరుసుకూ గేరు పెట్టెకూ మధ్య నడిచే ప్రొపెల్లర్ షాఫ్ట్ వాలు మారుతుంది. షాఫ్ట్ చివరలో ఉండే క్రాస్ జాయింటుకు ఇంగ్లీషువాళ్లు 17వ శతాబ్దపు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ మీద హుక్ జాయింటు అని పేరు పెట్టుకున్నారు. దానికి ఒక గుణం ఉంది. కోణంలో తిరిగేటప్పుడు అది సమవేగంతో తిప్పదు. ఒక్క చుట్టులో రెండుసార్లు వేగం పెంచి, రెండుసార్లు తగ్గిస్తుంది. అందుకే షాఫ్ట్‌కు రెండు కొసలా రెండు క్రాసులు పెట్టి, ఒకటి చేసిన ఎగుడుదిగుడును రెండోది సరిచేసేలా అమరుస్తారు. రెండు కోణాలూ సమానంగా ఉన్నంతవరకే ఈ సర్దుబాటు పనిచేస్తుంది. పట్టీలు వేసి ఒక కోణాన్ని మారిస్తే లెక్క తప్పుతుంది. అలాగే క్రాస్ మార్చేటప్పుడు షాఫ్ట్‌ను రెండు ముక్కలు చేసి, మళ్లీ బిగించేటప్పుడు ఒకదానికొకటి వరస తప్పినా కొత్త క్రాస్ వేసిన మర్నాడే జుమ్మనే మోత మొదలవుతుంది. విప్పేముందు రెండు ముక్కల మీదా ఒక సుద్ద గీత గీస్తే ఈ తప్పు జరగదు. ఇక్కడ డ్రైవరు చెప్పాల్సిన సాక్ష్యం: ఖాళీగా ఉన్నప్పుడు వణుకుతోందా, లోడుతో వణుకుతోందా? లోడు ఎక్కాక పోయే వణుకు, లేదా లోడుతోనే వచ్చే వణుకు ఉంటే షాఫ్ట్ కోణాన్ని తప్పక అనుమానించాలి. బండలను వెనక ఇరుసు దాటించి ట్రాలీ కొస వైపు పేర్చినా ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగు తేలిపోతుంది, చిన్న లోపం కూడా చేతికి పెద్దగా తగులుతుంది.

ఇక జాకీ ఎత్తే పరీక్షలు. గట్టి సమతలం మీద, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా కింద స్టాండు పెట్టి ఈ పని చేయాలి. బండి కిందికి తల పెట్టకూడదు. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే ఆట తెలిస్తే బేరింగో బాల్ జాయింటో వదులైంది. పక్కల పట్టి ఊపితే ఆట తెలిస్తే టై రాడ్ ఎండ్ చూడాలి. తర్వాత రిమ్ము అంచుకు దగ్గరగా ఒక పుల్లను కదలకుండా పట్టి చక్రం మెల్లగా తిప్పండి. పుల్లకూ రిమ్ముకూ మధ్య సందు ఒకటిన్నర మిల్లీమీటరుకు మించి మారుతుంటే రిమ్ము వంకరగా ఉన్నట్టే. రిమ్ము సరిగా ఉండి టైరు మాత్రం ఎగిరెగిరి తిరుగుతుంటే దోషం టైరుదే. అప్పుడు టైరు మీద అరచేయి పెట్టి నెమ్మదిగా నిమరాలి. మెట్లు మెట్లుగా, గుంటలు గుంటలుగా అరిగి ఉంటే షాక్ అబ్జార్బర్లు బలం కోల్పోయి ఉండొచ్చు. ఒకచోట ఉబ్బు తగిలితే మాత్రం అక్కడితో పరీక్ష ఆపండి. లోపలి తీగల పొర విడిపోయిందని దాని అర్థం. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే మన రోడ్ల మీద, గాలి తక్కువై, బరువు ఎక్కువై నడిచిన టైరు లోపల వేడెక్కి ఈ స్థితికి వస్తుంది. రీసోల్ చేసిన టైరుకు పైపొర విడిపోయే ప్రమాదం అదనం. ఉబ్బిన టైరుకు బ్యాలెన్సింగ్ వైద్యం లేదు. స్టెప్నీ వేసుకుని దాన్ని బండి నుంచి తప్పించాలి.

చివరి ఉచిత పరీక్ష చక్రాల మార్పిడి. ముందు రెండు చక్రాలనూ వెనక్కి, వెనక రెండింటినీ ముందుకు మార్చి అదే రోడ్డు మీద అదే వేగంతో నడపండి. స్టీరింగులోని వణుకు సీటులోకి మారితే దోషం ఆ చక్రాలతో పాటే పోయింది, అంటే టైరులోనో రిమ్ములోనో ఉంది. స్టీరింగులోనే ఉండిపోతే దోషం హబ్బులోనో, డిస్కులోనో, స్టీరింగు జాయింట్లలోనో ఉంది. రెండింటిలో ఏ చక్రమో తేలాలంటే స్టెప్నీని ఒక్కొక్క చక్రం స్థానంలో వేసి చూడండి. ఇక్కడ ఒక నియమం తప్పకూడదు: ఒకసారికి ఒక్క మార్పే. టైర్లు మార్చి, బ్యాలెన్సు చేయించి, టై రాడ్ కూడా అదే రోజు వేయిస్తే వణుకు పోవచ్చు. కానీ దేనివల్ల పోయిందో తెలియదు, మళ్లీ వస్తే మళ్లీ మొదటి నుంచి ఖర్చు. చక్రం తిరిగి ఎక్కించేటప్పుడు హబ్బుకూ రిమ్ముకూ ఆనే ముఖాల మీది తుప్పు, ఎండిన బురద గీకేయాలి. సన్నని పెళ్ల ఒకటి ఇరుక్కున్నా చక్రం వాలి కూర్చుంటుంది. నట్లను వరసగా కాకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి, యాభై నుంచి వంద కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి బిగించి చూడాలి. హఠాత్తుగా, నిన్నటిదాకా లేని వణుకు మొదలైందంటే బండి పక్కకు ఆపి మొట్టమొదట చూడాల్సింది నట్లనే.

ఇక్కడ సాధారణంగా జరిగే ఒక పొరపాటు చెప్పాలి. బండి వణుకుతోందంటే చాలామంది అలైన్‌మెంట్ చేయిస్తారు. అలైన్‌మెంట్ చక్రాలు ఏ దిక్కుకు చూస్తున్నాయో సరిచేస్తుంది. అది తప్పితే బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. చక్రం చుట్టూ బరువు సమంగా లేకపోవడం వేరే జబ్బు, దానికి మందు బ్యాలెన్సింగ్. తప్పుడు అరుగుదల వల్ల నెలల తర్వాత టైరు వణకొచ్చు గాని, అలైన్‌మెంట్ నేరుగా వణుకు తేవడం అరుదు. మరి బ్యాలెన్సింగ్ చేయించినా పోలేదే అంటారు కొందరు. అందుకు కారణాలున్నాయి. మిషను బరువు తేడానే తూస్తుంది. వంకర రిమ్ము, గుండ్రం తప్పిన టైరు కూడా బిళ్లలు కొడితే మిషను మీద సున్నా చూపిస్తాయి, రోడ్డు మీద బరువు పడగానే మళ్లీ ఎగురుతాయి. చక్రాన్ని మిషనుకు నడిమధ్యన బిగించకపోయినా, బురద కడగకుండా ఎక్కించినా సున్నా అబద్ధమే. బిళ్లలు కొట్టిన చక్రాన్ని విప్పి, సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించి తూయమనండి. అప్పుడూ సున్నానే చూపిస్తే ఆ పనిని నమ్మొచ్చు.

ఇంత విచారణ అక్కర్లేదు, చేయి తిరిగిన మెకానిక్ చూడగానే చెబుతాడు అనేది ఒక అభ్యంతరం. అనుభవానికి విలువ ఉంది. ఏ బండికి ఏ జబ్బు ఎక్కువగా వస్తుందో అనుభవమే చెబుతుంది, ఏది ముందు చూడాలో వరస పెడుతుంది. కానీ ఈ బండికి ఇవాళ వచ్చింది ఆ జబ్బేనా అన్నది పరీక్ష మాత్రమే తేలుస్తుంది. ఎంత పేరున్న డాక్టరైనా నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి అని అడగకుండా మందు రాయడు. డ్రైవరు వచ్చి ‘వణుకుతోంది’ అన్న ఒక్క మాట చెప్పి తాళం చేతిలో పెడితే మెకానిక్ ఏం చేయగలడు? తెలిసినవి ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతాడు. రెండో అభ్యంతరం, డెబ్బై దాటకుండా నడిపితే చాలు కదా అనేది. కారణం తెలిసేదాకా వేగం తగ్గించడం మంచిదే, తగ్గించాల్సిందే. కానీ దాన్నే వైద్యం అనుకోకూడదు. వదులైన నట్టు అరవైలోనూ ఊడుతుంది. ఉబ్బిన టైరు అరవైలోనూ పేలుతుంది. వణుకు చేతికి తెలియకపోయినా బేరింగుకు, టై రాడ్‌కు ఆ గుంజుడు అందుతూనే ఉంటుంది. మూడో అభ్యంతరం డబ్బు. బండి కంతులు కట్టాలి, డీజిలు పోయాలి, ఒక్క రోజు బండి ఆగితే ఆ రోజు బాడుగ పోతుంది. ఈ బాధ నిజమైనదే. అయితే ఇప్పటిదాకా చెప్పిన పరీక్షల్లో గేరు తగ్గించి చూడడం, బ్రేకు, యాక్సిలరేటరు తేడా గమనించడం, రిమ్ములు కడగడం, నట్లు చూడడం, చక్రాలు మార్చడం, వీటిలో దేనికీ కాలం, ఒళ్లు కష్టం తప్ప ఖర్చు లేదు. ఖర్చు తెచ్చేది విచారణ లేని రిపేరు. అవసరం లేని నాలుగు టైర్లు కొన్నాక వంకర రిమ్ము దగ్గరే మళ్లీ ఆగినవాడికి ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

బరువు మాట కూడా దాటవేయలేం. లోడు తగ్గిస్తే బాడుగ గిట్టదంటారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో అధిక లోడుకు 20,000 రూపాయలు, ఆపైన అదనంగా ఉన్న ప్రతి టన్నుకు 2,000 రూపాయల జరిమానా ఉంది. జరిమానా తప్పించుకున్నవాడు కూడా టైరు, రిమ్ము, బేరింగు, కమాను రూపంలో వాయిదాలుగా కడుతూనే ఉంటాడు. ఆ వాయిదా రసీదే ఈ వణుకు. బండలు లోడు చేయించే వ్యాపారులు చదరపు అడుగుల లెక్కతో పాటు కిలోల లెక్క కూడా చీటీ మీద రాసిస్తే డ్రైవరుకు తన బండి ఎంత మోస్తోందో తెలుస్తుంది. చదరపు అడుగుకు, అంగుళం మందానికి ఆరు కిలోలు అన్న గుణకారం ఎవరికైనా వస్తుంది.

డ్రైవరు సోదరులకు నా మనవి ఒక్కటే. ఈసారి బండి వణికితే తిట్టుకుని వేగం తగ్గించి ఊరుకోకండి. బండి ఆపాక ఒక చిన్న కాగితం మీద ఆరు సంగతులు రాసుకోండి. ఏ వేగం దగ్గర మొదలైంది, ఏ వేగం దగ్గర ఎక్కువైంది. స్టీరింగులోనా, సీటులోనా. బ్రేకు తొక్కితేనా, లాగిస్తేనా, ఎప్పుడూనా. గేరు మారిస్తే మారిందా. ఖాళీ బండా, లోడు బండా, లోడైతే ఎన్ని కిలోలు. చివరిసారి పంక్చరు, టైరు, కమాను, క్రాస్ పని ఎప్పుడు చేయించారు. ఆ కాగితం మెకానిక్ చేతిలో పెట్టి, ఆ తర్వాత తాళం ఇవ్వండి. మెకానిక్ సోదరులకూ ఒక మాట: డ్రైవరు రాసి తేకపోతే మీరే ఈ ఆరూ అడగండి, వీలైతే బండెక్కి హైవే మీద ఆ వేగం దాకా వెళ్లి చూడండి. షెడ్డులో బండి వణకదు. వణికినప్పుడు దాని స్టీరింగు మీద ఉన్నవి డ్రైవరు చేతులే. ఆ చేతులకు తెలిసింది చెప్పించుకున్న తర్వాతే పానా పట్టుకోండి.